ఇంటి లెక్కలు: నామినీ వేరు, వారసుడు వేరు



పోయిన సంచికలో ఫిక్సెడ్ డిపాజిట్ల గురించి రాస్తూ "నామినేషను తప్పక వేయించండి" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసమంతటికీ రాలేదు. అందులో అండర్సన్‌పేట నుంచి ఒక అవ్వగారు మనవరాలి చేత రాయించిన ఉత్తరం నన్ను రెండు రోజులు వదల్లేదు. "నాయనా, నా డిపాజిట్టుకు కొడుకును నామినీగా వేసినాను. కూతురికి కూడా సగం ఇయ్యాలని నా మనసు. నామినీ వాడే కాబట్టి అంతా వాడికే పోతుందా? బిడ్డకు ఏమీ రాదా?" అని ఆమె ప్రశ్న.

అవ్వా, ఈసారి ఈ పేజీ అంతా మీకే. మీతోపాటు, "మాకేముంది ఆస్తి, వీలునామాలు రాయడానికి మేమేమన్నా జమీందార్లమా" అనుకునే మనందరికీ కూడా. నా ఉద్యోగ జీవితంలో చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం పెద్ద ఆస్తుల మీద వచ్చినవి కావు. ఒక ఇల్లు, ఒక డిపాజిట్టు, ఎకరమో అరెకరమో భూమి, నాలుగు గాజులు. వీటి మీదే అన్నదమ్ములు మాటలు మానేశారు, అక్కచెల్లెళ్ళు పుట్టింటి గడప తొక్కడం మానేశారు.

నామినీ అంటే ఎవరు?

ముందు ఒక అనుభవం చెబుతాను. ఊరూ పేరూ వద్దు. మన బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టిన పని, నూట ఇరవై ఏళ్ళ పని, ఒక్క రోజుతో ఆగిపోయింది. చేతికి వచ్చిన సొమ్మును చాలామంది కార్మికులు బ్యాంకుల్లో వేసుకున్నారు. అలా వేసుకున్న ఒకాయన, డిపాజిట్టు ఫారంలో తన పాత సేవింగ్స్ ఖాతాలో ఉన్న నామినీ పేరే మళ్ళీ రాయించాడు. ఆ పేరు తమ్ముడిది. పెళ్ళికి ముందు తెరిచిన ఖాతా అది. తరువాత పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, ఆ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆయన పోయాక తమ్ముడు మరణ ధృవపత్రం తెచ్చాడు. బ్యాంకు నియమం ప్రకారం నామినీకి సొమ్ము చెల్లించింది. వారం రోజులకు ఆయన భార్య వచ్చి కౌంటరు ముందు నిలబడింది. "మా ఆయన గనిలో దిగి సంపాదించిన దుడ్డు సార్. నేనేమైనా పరాయిదాన్నా?" అని అడిగింది. తమ్ముణ్ణి అడిగితే "అన్న నా పేరే రాసినాడు కదా సార్, ఇంక వీళ్ళకేం సంబంధం?" అన్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు. నిజంగానే అలా అనుకున్నాడు. మనలో నూటికి తొంభై మంది అలాగే అనుకుంటాం.

చట్టం అలా అనుకోదు. నామినీ అంటే సొమ్ము అందుకునే చెయ్యి మాత్రమే. ఆ చేతిలోని సొమ్ము ఎవరిదన్నది వేరే లెక్క. బ్యాంకు నామినీకి సొమ్ము ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది, అంతే. నామినీ దాన్ని వారసులకు పంచవలసినవాడు. ఎల్.ఐ.సి. పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే ఈ మాట చెప్పింది. బ్యాంకు డిపాజిట్ల గురించి 2010లో, కంపెనీ షేర్ల గురించి 2023లో కూడా అదే చెప్పింది.

పై కేసులో ఆమె కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. ఆరేళ్ళు తిరిగింది. చివరకు ఆ సొమ్ము నాలుగు సమ భాగాలయింది. భార్యకు ఒకటి, ఇద్దరు కూతుళ్ళకు రెండు, బతికున్న అత్తగారికి ఒకటి. తమ్ముడికి చట్టప్రకారం ఒక్క రూపాయి లేదు. బ్యాంకుకు వెళ్ళి నామినీ పేరు మార్చడానికి ఆయనకు పట్టే సమయం పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఆరేళ్ళయ్యాయి.

రెండు మూడు మినహాయింపులు గుర్తుంచుకోండి. జీవిత బీమాలో 2015 సవరణ తరువాత భర్త, భార్య, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలుగా ఉంటే ఆ సొమ్ముకు వాళ్ళే హక్కుదారులు. ప్రావిడెంటు ఫండులో పెళ్ళికి ముందు వేసిన నామినేషను పెళ్ళితో చెల్లకుండా పోతుంది, మళ్ళీ కొత్తగా వేయాలి. "ఎప్పుడో వేశాను లెండి" అనేవాళ్ళు ఎప్పుడు వేశారో, ఎవరిని వేశారో ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు అవ్వగారికి ఒక శుభవార్త. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్టుకు నలుగురి దాకా నామినీలను వేయవచ్చు. ఎవరికి నూటికి ఎంత అన్నది కూడా రాయవచ్చు. కొడుకుకు 50, కూతురికి 50 అని రాయించి, అక్నాలెడ్జిమెంటు తీసుకుని దాచుకోండి. సొమ్ము అందే దారి ఏర్పడింది. ఇక అది ఎవరిదన్న ముక్క మిగిలింది. దానికే వీలునామా.

వీలునామా లేకపోతే?

వీలునామా రాయకపోతే ఏమీ రాయనట్టు కాదు. మన బదులు చట్టం రాసేస్తుంది. హిందువులకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. మగవాడు వీలునామా లేకుండా పోతే అతని సొంత ఆస్తి భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా పోతుంది. పెళ్ళయిన కూతురు, పెళ్ళికాని కూతురు అన్న తేడా లేదు. తండ్రి ఈ మొదటి వరుసలో లేడు, తల్లి ఉంది. ఉదాహరణకు పది లక్షలు వదిలి ఒకాయన పోయాడు. భార్య, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. మొత్తం అయిదుగురు, తలా రెండు లక్షలు. ఒక కొడుకు ముందే పోయి ఉంటే ఆ వంతు అతని భార్యాపిల్లలకు చేరుతుంది.

ఆడవాళ్ళ ఆస్తి లెక్క వేరు. పెళ్ళయిన స్త్రీ వీలునామా లేకుండా పోతే మొదట భర్తకు, పిల్లలకు. వాళ్ళెవరూ లేకపోతే ఆమె సొంతంగా సంపాదించుకున్నది కూడా ముందు భర్త తరపు వారసులకు పోతుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తరువాతే. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం, పిల్లలు లేకపోతే, తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరే మన ఆడపడుచులు ఎంతమంది లేరు! వాళ్ళు కష్టపడి కూడబెట్టింది తాము కోరుకున్నవారికి చేరాలంటే తమ చేత్తో తామే రాసుకోవాలి. వీలునామా మగవాళ్ళ కాగితం కాదమ్మా.

మన ఊళ్ళో అన్ని మతాలవాళ్ళమూ కలిసి బతుకుతున్నాం కనుక ఒక మాట. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్య, పిల్లలు ఉంటే భార్యకు మూడింట ఒక వంతు, మిగతా రెండు వంతులు కొడుకులు కూతుళ్ళకు సమానంగా. ముస్లిం సోదరులు మిగతా వారసుల ఒప్పుదల లేకుండా మూడింట ఒక వంతుకు మించి వీలునామా రాయలేరు.

కూతురి వాటా కొత్త సంగతి కాదు

పిత్రార్జితం అనేసరికి "ఆడపిల్లకు పెళ్ళి చేశాం కదా, ఇంకేం వాటా" అనే మాట ఇంకా వినబడుతుంది. మన కోలారు అప్పటి మైసూరు సంస్థానంలోది. ఆ సంస్థానంలో 1933లోనే హిందూ స్త్రీల హక్కుల చట్టం వచ్చి, భాగ పరిష్కారాల్లో వితంతువులకు, తల్లులకు, పెళ్ళికాని ఆడపిల్లలకు కొంత వాటా కల్పించింది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, మన కర్ణాటకలో 1994 జూలై 30 నుంచి కూతురికి పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు వచ్చింది. కానీ ఆ తేదీలకు ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ ఆ అడ్డు కూడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రం ద్వారా గానీ, కోర్టు డిక్రీ ద్వారా గానీ జరిగిపోయిన భాగాలను తిరగదోడడం కుదరదు.

పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు మనకు వియ్యాలున్నాయి. సరిహద్దు దాటితే కూతురి హక్కు మారుతుందేమో అన్న అనుమానం ఇక అక్కరలేదు. రెండు వైపులా ఇప్పుడు ఒకటే చట్టం.

ఏది మనది, ఏది కాదు

వీలునామాలో మనది కానిది రాస్తే అది చెల్లదు. మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, కంపెనీ క్వార్టర్సు. తాత పుట్టిన ఇల్లు, నాన్న పెళ్ళి జరిగిన ఇల్లు అని మనకు మమకారం ఉంటుంది. ఎన్ని తరాలు కాపురమున్నా, మన పేరున హక్కు పత్రం లేని ఇల్లు వీలునామాతో పిల్లలకు రాదు. "నా క్వార్టర్సు పెద్దవాడికి" అని రాసి పిల్లల మధ్య చిచ్చు పెట్టవద్దు.

రెండవది, పిత్రార్జితం. అందులో మన వంతుకు మాత్రమే మనం వీలునామా రాయగలం. మొత్తం భూమిని ఒక కొడుకు పేర రాస్తే మిగతావాళ్ళ వంతులు కదలవు. సొంతంగా సంపాదించినదైతే ఎవరికైనా ఇవ్వవచ్చు.

మూడవది, ఖాతా, పహణి. ముళబాగిలు, శ్రీనివాసపురం తాలూకాల్లో ఈనాటికీ తాత పేరే ఉన్న పహణీలు చూశాను. మామిడి తోపు మనవళ్ళు కాస్తారు, పహణీలో ముత్తాత ఉంటాడు! పౌతి ఖాతా చేయించుకోవాలి. మరణ ధృవపత్రం, వంశవృక్షం పెట్టి అర్జీ ఇవ్వాలి. వంశవృక్షంలో ఆడపిల్లల పేర్లు వదిలేసే అలవాటు ఒకటుంది. అది తప్పు, తరువాత తగాదాకు మూలం. ఇంకొకటి, ఖాతా మారినంత మాత్రాన హక్కు మారదు. అది కందాయం కట్టే పేరు. నామినీ లాంటిదే అనుకోండి.

వీలునామా రాసే తీరు

కన్నడంలో ఉయిలు అంటారు, మనం వీలునామా అంటాం. దీనికి స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్ల కాగితం చాలు. తెలుగులో గానీ, కన్నడంలో గానీ, మీకు వచ్చిన భాషలో రాయవచ్చు. కావలసినవి ఇవి.

ఒకటి. పేరు, వయస్సు, చిరునామా, తేదీ. "స్వబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నాను, ఇంతకు ముందు రాసినవి రద్దు" అన్న మాట.

రెండు. ఆస్తుల పట్టిక. భూమికి సర్వే నంబరు, ఇంటికి ఖాతా నంబరు, చెక్కుబందీ, డిపాజిట్టుకు బ్యాంకు శాఖ, ఖాతా నంబరు. బంగారం కూడా రాయండి. చివర "ఇందులో రాయనిది ఏదన్నా ఉంటే ఫలానావారికి" అని ఒక వాక్యం తప్పక ఉండాలి.

మూడు. ఎవరికి ఎంత. అప్పులుంటే అవి ఎవరు తీర్చాలో కూడా. ఒకరికి తక్కువ ఇస్తుంటే కారణం ఒక్క మాటలో రాయండి. "పెద్దవాడి చదువుకు ఇంతకుముందే ఖర్చుపెట్టాను" అన్న ఒక్క వాక్యం రేపటి కోర్టు ఖర్చు తప్పిస్తుంది.

నాలుగు. ప్రతి పేజీలో సంతకమో, వేలిముద్రో. ఇద్దరు సాక్షులు. మీరు సంతకం పెట్టడం వాళ్ళు చూడాలి, మీ ఎదుట వాళ్ళు సంతకం పెట్టాలి. సాక్షులు మీకంటే చిన్నవాళ్ళయితే మంచిది, రేపు కోర్టులో కనీసం ఒకరు వచ్చి చెప్పగలగాలి. ఆస్తి పొందేవాళ్ళను, వాళ్ళ భార్యను లేదా భర్తను సాక్షులుగా పెట్టవద్దు.

అయిదు. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిది. వయస్సు పైబడినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్టు జతచేస్తే "మతి స్థిమితం లేదు" అన్న వాదనకు తావుండదు. గుట్టుగా ఉంచాలనుకుంటే సీలు వేసిన కవరును జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచే వీలు కూడా చట్టంలో ఉంది.

ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. చివరిది చెల్లుతుంది. రాసిన సంగతి, పెట్టిన చోటు నమ్మకమైనవారు ఒకరికైనా చెప్పండి. బియ్యం డబ్బాలో దాచి ఎవరికీ చెప్పకుండా పోతే రాసీ ఏం లాభం? చెప్పకుండా పోయినవారి డిపాజిట్లు పదేళ్ళు ఎవరూ కదిలించకపోతే రిజర్వు బ్యాంకు నిధికి వెళతాయి. అప్పుడు కూడా వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. అలాంటివి వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే వెబ్‌సైటు పెట్టింది. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఒకసారి వెతికించండి.

చావు తరువాత ఆస్తి మీద వేసే పన్నుకు భయపడి వెనకాడేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఎస్టేటు డ్యూటీని 1985లోనే తీసేశారు.

బతికుండగానే రాసిస్తే?

"ఎప్పటికైనా వాళ్ళకే కదా, ఇప్పుడే రాసిచ్చేస్తే పోలా" అంటారు కొందరు. దానపత్రం రిజిస్టరు అయిన మరుక్షణం ఆస్తి మనది కాదు. వీలునామాను మార్చుకోవచ్చు, దానపత్రాన్ని మన ఇష్టంతో మార్చలేం. ఇవ్వక తప్పదనుకుంటే "నన్ను పోషించాలి, నా అవసరాలు చూడాలి" అన్న షరతు పత్రంలోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం, ఆ షరతు తప్పిన పిల్లల నుంచి ఆస్తిని వెనక్కు ఇప్పించే అధికారం ట్రిబ్యునలుకు ఉంది. భార్యాభర్తల్లో ఒకరు పోయాక రెండోవారు ఎక్కడ ఉంటారు, దేనితో బతుకుతారు అన్నది ముందు తేల్చుకుని, ఆ తరువాతే పిల్లల పంపకాల మాట ఎత్తండి.

మా ఇంటి లెక్క

ఇంతా చెప్పి నా ఇంటి లెక్క దాచుకుంటే బాగుండదు.

మా నాయన 1998లో పోయాడు. ముళబాగిలులో ఆయన చిల్లర అంగడి నడిపి కట్టిన ఇల్లొకటి ఉంది. వీలునామా లేదు. అమ్మ, అక్క, నేను, తమ్ముడు. నాలుగు వంతులు. అప్పటికే బ్యాంకులో ఉన్నాను, కామర్సు చదివినవాణ్ణి, నాకు ఈ లెక్క తెలియదని అనలేను. అక్కకు ఫోను చేసి రమ్మన్నాం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించాం. ఆమె చదవలేదు. "మీరు చెప్తే చాలు కదరా" అంది. హోటల్లో దోసెలు తిన్నాం, చీర పెట్టాం, బస్సెక్కించాం.

ఆ తరువాత పదకొండేళ్ళకు బావకు జబ్బు చేసింది. అక్క వచ్చి అదే ఇంట్లో, నాయన కూర్చునే అరుగు మీద కూర్చుని, "ఇరవై వేలు అప్పుగా ఇస్తావా, పంటలు రాగానే తీరుస్తా" అని అడిగింది. తన నాలుగో వంతు మీద కూర్చుని అప్పు అడిగింది. ఇచ్చాను. ఆమె చెప్పిన గడువుకు తీర్చింది కూడా. ఆ నోట్లు లెక్కపెట్టి తీసుకున్న చేతులు నావే.

ఆలస్యంగానైనా తమ్ముడూ నేనూ మాట్లాడుకుని ఆమె వంతుకు సరిపడా సొమ్ము రెండు విడతల్లో ఆమె ఖాతాలో వేశాం. మొదట వద్దంది. "ఇది మేమిచ్చేది కాదక్కా, నీదే" అని చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళు పైన పట్టింది. బావ అప్పటికే లేడు.

నాయన ఒక కాగితం రాసి ఉంటే మేము ఆ తప్పు చేసేవాళ్ళం కాదేమో. ఆయన్ను అనడం కాదిది, ఆ రోజుల్లో చావు మాట ఎత్తితేనే అశుభం అనుకునేవారు. పోయిన ఏడు నేను నా వీలునామా రాసి రిజిస్టరు చేయించాను. కొడుక్కూ కూతురికీ ఒకే రోజు, ఒకే చోట కూర్చోబెట్టి చదివి వినిపించాను. కూతురు కాసేపు ఏడ్చింది, తరువాత కాఫీ పెట్టింది. అశుభమేమీ జరగలేదు, ఇంకా బ్యాంకుకు వెళ్ళివస్తూనే ఉన్నాను.

ఈ సంచిక మూసిపెట్టే ముందు పాఠకులు ఒక్క పని చేయాలి. మీ పాసుబుక్కులు, డిపాజిట్టు రసీదులు, బీమా పాలసీలు తీసి ఒక్కోదానికి నామినీ ఎవరో ఒక కాగితం మీద రాయండి. చనిపోయినవారి పేరు, పెళ్ళికి ముందు వేసిన పేరు కనబడితే వచ్చే సోమవారమే బ్యాంకుకు వెళ్ళండి. ఆ కాగితం వెనక్కు తిప్పితే వీలునామా చిత్తుప్రతి రాయడానికి చోటు ఉంటుంది. తగాదా ఇప్పటికే ఉన్న ఆస్తయితే ముందు మంచి లాయరును కలవండి.

అండర్సన్‌పేట అవ్వగారూ, మీ మనవరాలి దస్తూరీ ముత్యాల్లా ఉంది. వీలునామా చిత్తు ఆ పిల్ల చేతనే రాయించండి. సాక్షిగా మాత్రం పెట్టకండి, వేరే ఇద్దరిని చూడండి.

వచ్చే సంచికలో బ్యాంకు లాకర్ల సంగతి మాట్లాడుకుందాం.